మూటలు కట్టుకున్నాక అడిగిన ప్రశ్న

చదవవలసిన భాగం: యిర్మీయా 42, 43 అధ్యాయాలు

మన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఏ ఊళ్ళోనైనా సరే, ఒక ఇంట్లో పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికొచ్చిందంటే పొద్దుగూకేసరికి ఆ అరుగు నిండా సలహాలే.

"కంపెనీ వీసా అయితెనే పో బిడ్డా, లేకుంటె వద్దు" అంటాడు మేనమామ. "గదంతా లేటయితది మామా. ముందు విజిట్ మీద పోతే, ఆడికి పోయినంక మార్చుకోవచ్చు" అంటాడు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన దోస్తు. రెండేండ్లు కండ్లు మూసుకుంటే బోరుకు చేసిన అప్పు తీరుతుందని పక్కింటాయన మిత్తితో సహా లెక్క కట్టి చెబుతాడు. తల్లి మాత్రం లోపల పొయ్యి దగ్గర నుంచి "ఉన్న ఎకరం చేసుకుంట ఈడనే ఉంటే ఏమాయె" అంటుంది. ఆ మాట అరుగు దాకా రాదు. ఈలోగా ఏజెంటు ఫోను. ఇంటర్వ్యూ ఎల్లుండే, పైసలు రేపటికల్లా అందాలి, లేకపోతే ఆ జాగాలో ఇంకొకరిని పంపుతాడట.

రాత్రి అందరూ లేచి వెళ్ళాక ఆ పిల్లవాడికీ అతని భార్యకూ నిద్ర పట్టదు. చెప్పినవాళ్ళంతా తమ మంచి కోరేవాళ్ళే. ఎవరి మాటా తప్పనిపించదు. అసలు కష్టం అక్కడే ఉంది.

మీ ఇంట్లో విషయం దుబాయి కాకపోవచ్చు. కూతురికొచ్చిన సంబంధం కావచ్చు. ఆపరేషన్ కరీంనగర్‌లో చేయించాలా, హైదరాబాద్ తీసుకుపోవాలా అన్నది కావచ్చు. ఉన్న కొద్ది భూమి అమ్మాలా వద్దా అన్నది కావచ్చు. పది మందిని అడిగి పదకొండు మాటలు విని, తల బరువెక్కి ఈ పేజీ తెరిచారేమో. అయితే కాసేపు కూర్చోండి. మీలాగే అలసిపోయి, భయపడి, దేవుని మాట కోసం వచ్చిన కొందరి సంగతి ఈ రోజు చదువుకుందాం.

క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము కూలిపోయింది. బలమున్నవాళ్ళనీ చదువున్నవాళ్ళనీ బబులోనుకు పట్టుకుపోయారు. ఏమీ లేని బీదలను మాత్రం ఊళ్ళలో వదిలి, వాళ్ళకు కొంత పొలమూ ద్రాక్షతోటలూ ఇచ్చారు. వాళ్ళ మీద గెదల్యా అనే మంచి మనిషిని అధికారిగా పెట్టారు. కాస్త ఊపిరి తీసుకుంటున్నారో లేదో, రాజవంశానికి చెందిన ఇష్మాయేలు అనేవాడు మిస్పాలో భోజనాల దగ్గరే ఆ గెదల్యాను చంపేశాడు.

మిగిలినవాళ్ళను కాపాడినవాడు యోహానాను. ఇతన్ని గురించి ఒక్క మాట చెప్పుకోవాలి, ఎందుకంటే మనం ఇతన్ని తొందరపడి తప్పు పడతాం. ఇష్మాయేలు చంపడానికి వస్తున్నాడని గెదల్యాను ముందే హెచ్చరించింది ఇతనే. గెదల్యా నమ్మలేదు, ప్రాణం పోయింది. ఇష్మాయేలు చెరపట్టుకుపోతున్న ఆడవాళ్ళనూ పిల్లలనూ గిబియోను దాకా వెంటాడి విడిపించిందీ ఇతనే. ధైర్యమూ తెలివీ రెండూ ఉన్న మనిషి. ఒకసారి అతని సలహా నిజమైంది కూడా. అలాంటివాడు ఇప్పుడు అంటున్నాడు: బబులోను రాజు పెట్టిన అధికారిని మనవాడే చంపాడు, ఆ రాజు ఊరుకోడు, ఐగుప్తుకు వెళ్ళిపోదాం.

ఇది బుద్ధి తక్కువ సలహా కాదు. మీరూ నేనూ ఆ గుంపులో ఉంటే తలూపేవాళ్ళమే. ఐగుప్తులో యుద్ధం లేదు, కరువు లేదు, తిండికి లోటు లేదు. ఇంతకన్నా ఏం కావాలి?

బయలుదేరారు. దారిలో బేత్లెహేము దగ్గర, గెరూతు కింహాము అనే చోట ఆగారు. అప్పుడు గుర్తొచ్చింది దేవుణ్ణి అడగలేదని. చిన్నా పెద్దా అందరూ కలిసి యిర్మీయా ప్రవక్త దగ్గరికి వచ్చారు. మేము ఏ దారిన పోవాలో, ఏం చేయాలో నీ దేవుణ్ణి అడిగి చెప్పమన్నారు. మాకు నచ్చినా నచ్చకపోయినా ఆయన చెప్పినట్టే చేస్తామని ఒట్టు కూడా పెట్టుకున్నారు.

ఆ చోటును ఒక్కసారి గమనించండి. అది ఐగుప్తుకు పోయే దారి మీది మజిలీ. మూటలు కట్టి ఉన్నాయి. మొహాలు దక్షిణం వైపే ఉన్నాయి. ఏజెంటుకు పైసలు కట్టి, టికెట్ చేతికొచ్చాక అయ్యగారికి ఫోను చేసి "దేవుని చిత్తమేందో ప్రార్థన చేసి చెప్పుండ్రి" అని అడగడం మన సంఘాల్లో కొత్తేమీ కాదు కదా. అడిగేది ప్రశ్నే, కానీ దానికి జవాబు కూడా మన జేబులోనే ఉంటుంది. దేవుడు కింద ముద్ర వేస్తే చాలు.

యిర్మీయా ఏం చేశాడు? అప్పటికి నలభై ఏండ్లుగా ప్రవచిస్తున్నాడు. ఐగుప్తును నమ్ముకోవద్దని ఎన్నోసార్లు చెప్పాడు. ఆయనకంటే వందేళ్ళకు పైగా ముందు యెషయా కూడా అదే చెప్పాడు. అడిగిన నిమిషంలోనే జవాబు చెప్పేయగలడు. చెప్పలేదు. అడుగుతానని ఒప్పుకున్నాడు, ఒక్క మాటా దాచకుండా చెబుతానన్నాడు, పదిరోజులు మౌనంగా ఉన్నాడు. పదో రోజు తరువాత దేవుని మాట వచ్చింది.

ఆ పదిరోజులు నాకు ఈ అధ్యాయమంతటిలో ఎక్కువ నచ్చిన భాగం. తన సొంత అభిప్రాయం ఏదో, దేవుడు ఇచ్చిన మాట ఏదో తేడా తెలిసిన మనిషి ఆయన. సొంత అభిప్రాయం సరైనదే అయినా దానికి దేవుని పేరు తగిలించలేదు.

పది రోజులు ఆగడమంటే మాటలు కాదు. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి పెట్టే రైతును అడగండి. జూన్ 7, 8 తారీఖుల్లో మిరుగు వస్తుంది. ఒక్క పెద్ద వాన పడగానే పక్క చేనులో విత్తనం పడిపోతుంది. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, పదును లోపలికి దిగాకే పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్ళు ఏటా చెబుతారు. ఆ మాట తెలిసినా, పక్క చేనును చూస్తూ చేతులు కట్టుకొని కూర్చోవడం ఎంత కష్టం! మొగులు మొహం చాటేస్తే మొలక మాడిపోయి, మళ్ళీ అప్పు చేసి మళ్ళీ ప్యాకెట్లు కొన్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. తొందరపడింది అజ్ఞానంతో కాదు, భయంతో. ఆలస్యమైతే అదను పోతుందేమోనని భయం.

మీ భయం కూడా ఇలాంటిదేనా? ఇప్పుడు అవునని చెప్పకపోతే తలుపు మూసుకుపోతుందని ఎవరైనా మిమ్మల్ని తొందరపెడుతున్నారా?

పదిరోజుల తరువాత యిర్మీయా తెచ్చిన మాట ఎంత మెత్తనిదో చూడండి. ఈ దేశంలోనే ఉండండి, నేను మిమ్మల్ని కడతాను, పడగొట్టను. నాటుతాను, పెరికివేయను. మీరు భయపడుతున్న ఆ రాజుకు భయపడకండి, నేను మీకు తోడున్నాను. దేవుడు వాళ్ళ భయాన్ని కొట్టిపారేయలేదు. దాన్ని పేరు పెట్టి పలికాడు. వాళ్ళ మనసులో ఏ రాజు తిరుగుతున్నాడో, ఏ ఆకలి తిరుగుతున్నదో ఆయనకు తెలుసు. మీ అప్పు ఎంతో, అది ఎవరి దగ్గరో, ఈ నెల మిత్తి ఎప్పుడు కట్టాలో కూడా ఆయనకు తెలుసు. మీరు చెప్పకముందే.

అయినా వాళ్ళు వినలేదు. నువ్వు అబద్ధం చెబుతున్నావు, నీ లేఖికుడు బారూకు నీకు నూరిపోశాడు అన్నారు. ప్రవక్త జవాబు నచ్చకపోయేసరికి అది మనిషి సలహా అయిపోయింది! మనిషి సలహా మాత్రం దేవుని దారిగా కనిపించింది. అందరూ కలిసి ఐగుప్తులోని తహపనేసుకు వెళ్ళిపోయారు.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. ఈ భాగం చదివి "చూశారా, గల్ఫ్ పోవడం దేవునికి ఇష్టం లేదు" అని బోధ చేసేవాళ్ళు ఉండొచ్చు. అది ఈ అధ్యాయం చెప్పేది కాదు. అదే ఐగుప్తు గురించి బైబిల్లో దేవుడు నలుగురికి నాలుగు సందర్భాల్లో మాట్లాడాడు. కరువొచ్చినప్పుడు ఇస్సాకుతో వెళ్ళొద్దు, ఇక్కడే ఉండు అన్నాడు. ఇస్సాకు గెరారులోనే ఉండి విత్తనం వేస్తే ఆ ఏడే నూరంతలు పండింది. ఇస్సాకు కొడుకు యాకోబు ముసలితనంలో ఐగుప్తుకు బయలుదేరి బెయేర్షెబాలో ఆగి బలి అర్పిస్తే, భయపడకు, వెళ్ళు, నేనూ నీతో వస్తాను అన్నాడు. యిర్మీయా దగ్గరికి వచ్చినవాళ్ళతో వెళ్ళొద్దన్నాడు. ఆరు వందల ఏండ్ల తరువాత ఒక రాత్రి యోసేపుకు కలలో దూత కనబడి, పసివాడినీ తల్లినీ తీసుకొని ఐగుప్తుకు పారిపో అన్నాడు. యోసేపు తెల్లారేదాకా కూడా ఆగలేదు.

దేశం అదే, దేవుడు ఒక్కడే, జవాబులు వేరు. కాబట్టి దుబాయి మంచిదా, ఊరు మంచిదా అని సూత్రం కట్టేసుకుంటే కుదరదు. ఎవరి ఇంటి సంగతి వాళ్ళు అడగాల్సిందే. యాకోబు కూడా మూటలు కట్టుకునే బయలుదేరాడు, గుర్తుందా? కానీ సరిహద్దు దాటేముందు ఆగాడు. దేవుడు వద్దంటే ఆ ముసలాయన బండ్లను వెనక్కి తిప్పేవాడని నాకనిపిస్తుంది.

తెలంగాణ గడ్డ మీద కూడా ఊరు వదలమని పిలుపు అందుకున్న మనిషి ఒకాయన తిరిగాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. వైఎంసీఏలో మంచి హోదాలో పని చేసేవాడు. 1903లో మన దేశస్థులే డబ్బు పోగు చేసి, మన దేశస్థులనే మిషనరీలుగా పంపాలని తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. పంపడంతో ఆగలేదు. 1909లో ఆ ఉద్యోగం వదిలి, పాదిరిగా అభిషేకం పొంది, భార్యతో కలిసి నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు తానే వచ్చాడు. తన భాష కాని తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆయన్ని బిషప్‌ను చేసేటప్పుడు అటు తెల్లవాళ్ళలోనూ ఇటు మనవాళ్ళలోనూ ఒప్పుకోనివాళ్ళు చాలామందే ఉన్నారు. 1945లో చనిపోయేదాకా ఆయన దోర్నకల్ విడిచిపెట్టలేదు. ఆయన వెళ్ళమన్న మాట విన్నాడు. ఇస్సాకు ఉండమన్న మాట విన్నాడు.

అయితే మనుషుల సలహా వినొద్దా? తప్పకుండా వినాలి. మోషే అంతటివాడు మామ యిత్రో చెప్పిన మాట విని పని పంచుకున్నాడు. ఆ పెద్దాయన కూడా ఎంత మర్యాదగా చెప్పాడో చూడండి: దేవుడు నీకు అలా సెలవిస్తే ఇలా చెయ్యి అన్నాడు. తన సలహాకు పైన దేవుణ్ణి పెట్టాడు. అలా మాట్లాడేవాళ్ళు మీ చుట్టూ ఎవరైనా ఉంటే వాళ్ళను వదులుకోకండి. ఒక్కోసారి పొయ్యి దగ్గర నుంచి మెల్లగా వచ్చిన మాట కూడా అలాంటిదే అయ్యుంటుంది.

దేవుడు నడిపిస్తాడని కాగితాలు చూడకుండా సంతకం పెట్టడం కూడా విశ్వాసం కాదు. ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. పని కోసం విజిట్ వీసా మీద పంపుతానంటే అక్కడే ఆగిపోవాలి. అలా వెళ్ళి కాగితాలు లేని ఖల్లివల్లి అయిపోయి, పాస్‌పోర్టు చేతిలో లేక, తల్లి చనిపోయినా రాలేకపోయిన కొడుకులు మన ఊళ్ళలో ఎంతమంది! ప్రార్థన చేశాం కదా అని ఈ జాగ్రత్తలు వదిలేస్తే, అది దేవుణ్ణి నమ్మడం కాదు, ఏజెంటును నమ్మడమే.

ఇంకొక మాట, కొంచెం చేదు మాట. దేవుని పేరు చెప్పి వచ్చే ప్రతి సలహా దేవునిది కాదు. మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయంలో ఒక దైవజనుడున్నాడు. తినొద్దు, తాగొద్దు, వచ్చిన దారిన తిరిగి పోవద్దు అని దేవుడు అతనికి నేరుగా చెప్పాడు. రాజు పిలిచినా లొంగలేదు. ఒక ముసలి ప్రవక్త వచ్చి, నాకూ దూత చెప్పాడు, మా ఇంటికి వచ్చి భోజనం చెయ్యి అన్నాడు. అది అబద్ధం. కానీ "దూత చెప్పాడు" అన్న మాటకు అతను కరిగిపోయాడు, దాంతో ప్రాణం పోయింది. ఈ రోజుల్లో ఫోనులో పేరూ ఊరూ చెప్పగానే అరనిమిషంలో ప్రవచనం చెప్పేవాళ్ళు, కానుక ఎంత పంపాలో కూడా చెప్పేవాళ్ళు ఉన్నారు. బీపీ మాత్రలు ఆపేయమనేవాళ్ళూ ఉన్నారు. యిర్మీయాకు పది రోజులు పట్టింది. వీళ్ళకు అరనిమిషం చాలు. ఎవరిని నమ్మాలో మీకే తెలుస్తుంది.

ఇదంతా చదువుతూ మీ మనసు కలుక్కుమంటోందా? "నేను అడగకుండానే వెళ్ళిపోయాను, ఇప్పుడేం చేయను" అనుకుంటున్నారా? మీరు ఏ షార్జా క్యాంపులోనో పై మంచం మీద పడుకొని ఇది చదువుతున్నారేమో. లేదా మీరు ఇక్కడే ఉన్నారు కానీ, నలుగురి మాట విని ఇచ్చేసిన మాట, అమ్మేసిన భూమి, చేసేసిన పెళ్ళి ఇప్పుడు వెనక్కి రావు.

అయితే తహపనేసు దాకా వెళ్దాం రండి. ఆ మాట వినని గుంపు ఐగుప్తుకు వెళ్ళేటప్పుడు యిర్మీయాను కూడా వెంట తీసుకుపోయారు. ఆ ప్రవక్త కోరుకున్న ప్రయాణం కాదది. అక్కడికి చేరాక మొట్టమొదట జరిగిన సంగతి ఏమిటంటే, యెహోవా వాక్కు తహపనేసులో యిర్మీయాకు ప్రత్యక్షమైంది. ఆ మాట మెత్తగా లేదు, హెచ్చరికే. ఫరో ఇంటి వాకిట్లో రాళ్ళు పాతిపెట్టించి, మీరు ఏ రాజుకు భయపడి పారిపోయి వచ్చారో అతని సింహాసనం ఈ రాళ్ళ మీదికే వస్తుందని చెప్పించాడు. ఆ కఠినమైన మాటను నేను తీపి చేసి చెప్పను. కానీ ఒక్కటి చూడండి. దేవుడు వాళ్ళతో మాట్లాడటం మానలేదు. వాళ్ళ దేశంలోనే ఉండమన్న ఆ నోరు, వాళ్ళు వినకుండా వెళ్ళిన చోటికీ వచ్చింది. మీరు ఉన్న చోటికీ వస్తుంది. అక్కడి నుంచి ఏ వైపు అడుగు వేయాలో ఆయన్ని అడిగే హక్కు మీకు ఇంకా ఉంది.

యెషయా 30వ అధ్యాయంలో ఐగుప్తును నమ్ముకున్నవాళ్ళను గద్దించిన తరువాత దేవుడు ఒక వాగ్దానం చేస్తాడు. కుడికో ఎడమకో తిరిగేటప్పుడు, దారి ఇదేనని చెప్పే శబ్దం వెనుక నుంచి వినిపిస్తుందని. వెనుక నుంచి! అంటే మనం ముందుకు నడుస్తూనే ఉంటాం, ఆయన మన వెంట వస్తూ ఉంటాడు. దారి తప్పబోయేటప్పుడు పిలవగలిగేంత దగ్గరలో.

ఇప్పుడు మీ విషయానికి వద్దాం. ఈ రాత్రి ఒక చిన్న కాగితం తీసుకోండి. ఈ సంగతిలో మీరు లోలోపల ఇప్పటికే ఏం అనుకున్నారో నిజాయితీగా ఒక్క వాక్యంలో రాయండి. ఎవరికీ చూపించనక్కరలేదు. దాని కింద, దేవుడు వద్దంటే ఒప్పుకుంటానా అని మీ చేతి రాతతో మిమ్మల్ని మీరే అడగండి. ఒప్పుకోలేనని తోస్తే అదే ఆయనకు చెప్పండి. యిర్మీయా దగ్గరికి వచ్చినవాళ్ళు ఆ మాట చెప్పలేకపోయారు, ఒట్టు మాత్రం పెట్టారు. రోజూ వాక్యం చదివి, ఇంట్లో ఇద్దరూ కలిసి ప్రార్థన చేయండి. సంఘంలో మీకు నచ్చే జవాబు చెప్పేవాళ్ళను కాక, మిమ్మల్ని కాదనగల ధైర్యమున్న ఒక పెద్దమనిషికి సంగతంతా చెప్పండి. రేపు ఏజెంటు గానీ, పెళ్ళిళ్ళ పేరయ్య గానీ, భూమి కొనేవాడు గానీ ఫోను చేస్తే "పది రోజులైనంక చెప్తా" అనండి. ఆ పది రోజుల్లో పోయే తలుపైతే పోనివ్వండి.

ప్రార్థన

తండ్రీ, నిన్ను అడగకముందే మేము ఒక మాట అనుకున్నాం. అది నీకు తెలుసు. దాన్ని ఈ రాత్రి నీ ముందు పెడుతున్నాం. వద్దంటే మూటలు విప్పే మనసు ఇవ్వు, పొమ్మంటే యాకోబుతో వెళ్ళినట్టు మాతోనూ రా. అప్పు భయం, ఊరి మాట, ఆలస్యమైపోతుందన్న తొందర మా చెవుల్లో ఉన్నాయి. వాటి నడుమ నీ మాట గుర్తుపట్టేలా చెయ్యి. అడగకుండా వెళ్ళిపోయిన మావాళ్ళతో కూడా వాళ్ళున్న చోటనే మాట్లాడు. యేసు నామంలో వేడుకుంటున్నాం, ఆమేన్.